పెందుర్తి దారిలో బొంగుకోడి

ఇసాపట్నంలో బొంగుకోడి ఎక్కడ తినాలని ఎవులడిగినా నాను సెప్పగలను. పోర్టులో కళాసీ పెళ్లాన్ని. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆదివారమొస్తే ఎక్కడ మాంసం కాలితే అక్కడికి నన్ను తీసుకెల్లీవోడు. ఆయన పోయాక నోరు కట్టుకోమని ఎవులూ అన్లేదు. అన్నా నాను ఇనీదాన్ని కాదు.

మా కోడలిది అరకు వైపు. కడుపుతో ఉండి, మంచినీళ్లు తాగినా కక్కీసేది. మొకం పీక్కుపోయింది. ఏదోటి తినకపోతే ఆస్పత్రిలో సేర్చీయాలని డాక్టరమ్మ సెప్పీసింది.

"ఏటి తింతావే?" అనడిగితే, "బొంగులో కోడి అత్తా" అంది.

దగ్గరని ముందు బీచ్ రోడ్డుకే ఎల్లినాను. అక్కడ దీపాలు, పాటలు, ఎర్ర కుర్చీలు. కొట్టోడు గిన్నెలో వండిన కూర నల్లబడిపోయిన ఎండు బొంగులో పోసిచ్చేడు. ఇంటికి తెచ్చి మూత తీసేసరికి నూని వాసన. కోడలు ముక్కు మూసుకుని లేసిపోయింది.

"ఇది బొంగులో కాల్చింది కాదత్తా, బొంగులో కూకోబెట్టింది."

ఇంకో రోజైతే పడీపడీ నవ్వీదాన్ని.

మర్నాడు పొద్దున్నే పెందుర్తి బస్సెక్కినాను. ఊరు దాటాక అరకు రోడ్డు పక్కన, టార్పాలిన్ కింద ఒకావిడ కాలుస్తాది. ఆవిడదీ మా కోడలి వైపు ఏజెన్సీయే. పచ్చి బొంగు తప్ప ముట్టదు. ఒకసారి కాల్చిన బొంగు మరి పొయ్యిలోకే. ముక్కలకి ఉప్పూకారం, అల్లంఎల్లుల్లి పట్టించి బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతానే ఉంటాది. నూని సుక్క ఎయ్యదు. బొంగులో ఉన్న పచ్చినీరే ముక్కని ఉడకబెడతాది.

కాలినాక కత్తి తీసింది. నాను సెయ్యడ్డం పెట్టినాను.

"సీల్చకప్పా, ఇలగే ఇచ్చీ. కడుపుతో ఉన్న పిల్ల ముందు సీల్చాలి. మీ వైపు పిల్లే. నా మనవణ్ని మోస్తంది."

"మనవడని నీకెవులు సెప్పేరు?" అని నవ్వి, గోనిసంచిలో సుట్టిచ్చింది. "దారిలో ఎక్కడా ఆగకు. సల్లారిపోతే నన్ను తిట్టుకుంటావు."

బస్సు కోసం సూడకుండా ఆటో ఎక్కినాను. ఒళ్లో బొంగు, తొడలు సుర్రుమంతన్నాయి. ఆటోవోడు ఎనక్కి తిరిగి తిరిగి సూత్తన్నాడు.

"ఏటమ్మా అది, పొగొత్తంది?"

"నువ్వు ముందుకి సూడు నాయనా."

ఇంట్లో కోడల్ని పీట మీద కూకోబెట్టి, దానెదురుగా బొంగు నిలువునా సీల్చినాను. ఆవిరి దాని మొకానికి కొట్టింది. కక్కితే పట్టడానికని నాను బేసిన పట్టుకుని పక్కనే కూకున్నాను. అది కళ్లు మూసుకుని వాసన పీల్చింది. ఒక ముక్క నోట్లో ఎట్టుకుని మెల్లిగా నమిలింది. నాను దాని గొంతే సూత్తన్నాను. మింగింది. ఇంకో ముక్క తీసింది. సగం బొంగు ఖాళీ సేసి, యేళ్లు నాక్కుంటా అంది:

"ఉప్పు తక్కువైందత్తా."

బేసిన అవతలికి తోసీసి, లేసెల్లి ఉప్పుడబ్బా తెచ్చి దాని ముందెట్టినాను.