మాస్టారి తనిఖీ

విమానం ఎక్కేముందు ఎవరి పారాచూట్ పట్టీలైనా వేరొకరు చూడటం ఆ బృందంలో రివాజు. ఆరుగురిలో అందరికన్నా చిన్నవాడికే అరవై దాటాయి. మిగతా అందరివీ చూసేది మాత్రం వాళ్లకు దూకడం నేర్పిన మాస్టారే. డెబ్బై ఏళ్ల మనిషి, రెండు వేలసార్లు దూకారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ప్రతి బకిల్‌నూ రెండు వేళ్లతో లాగి, భుజం మీద ఒక్కటి చరుస్తారు. ఆ దెబ్బ పడితేగానీ ఎవరికీ ధైర్యం చిక్కదు. ఆయనవి చూసేది ఆ బృందంలోనే ఉన్న రిటైరైన నర్సు.

ఆ ఉదయం ఇంజను మోగుతుండగా ఆమె చెయ్యి ఆయన ఎడమ తొడ దగ్గర ఆగిపోయింది. పట్టీ బకిల్‌లోకి వెళ్లనే లేదు, ఊరికే వేలాడుతోంది.

"ఏమ్మా, కితకితలు పెడుతున్నావా?" అన్నారు మాస్టారు.

ఆమె నవ్వలేదు. పట్టీ బిగించి, "ఇది పెట్టుకోవడం మరిచిపోయారు మాస్టారూ," అంది, ఆయనకు మాత్రమే వినపడేలా.

ఆయన తొడ తడుముకున్నారు. విమానంలో మిగతా నలుగురూ అప్పటికే సర్దుకుని కూర్చున్నారు. "వస్తారా, మమ్మల్ని వెళ్లిపోమంటారా?" అని అరిచాడు ఒకాయన. మాస్టారు వాళ్లను ఒక్కొక్కరినే చూశారు.

"వాళ్లను దింపమ్మా. అందరి పట్టీలూ మళ్లీ నువ్వు చూడు."

"ఇందాక మీరు చూశారుగా?"

"అందుకే చెబుతున్నా."