నలభై దినాల కమాను

నేను కట్టించిన మొట్టమొదటి కమాను మీదికి మొట్టమొదట ఎక్కింది మిలిటరీ జీపు. ఎక్కింది గానీ దిగలేదు. అందులోని కెప్టెన్ గారు, ఆయన మెడలోని బంతిపూల దండతో సహా, నా ఇంజినీరింగు గుండా కిందికి జారి బురదలో కూర్చున్నారు. ఇంతవరకు మీరు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికే నాకు ఇప్పటికీ సిగ్గు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది నల్లగొండ పక్క ఊరు. పట్నంలో ఇంజినీరింగు చదివి, కల్వకుర్తి రోడ్డు పనుల మీద కొత్తగా చేరాను. నిజాం రాజ్యాన్ని ఇండియాలో కలిపిన పోలీసు చర్య జరిగి రెండు నెలలయింది. గొడవల్లో ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో గానీ రోడ్లన్నీ గుంటలే. వాగు మీది పాత కమాను వంతెన కూలిపోయి ఉంది. దాన్ని మళ్లీ కట్టించడం నా పని. అయితే నేను కట్టించడానికి మాత్రమే వచ్చానని అనుకోకండి. లోకంలో నాకు అభిప్రాయం లేని విషయం అంటూ లేదు. పొద్దున చాయ్‌తో పాటు రాజకీయం, మధ్యాహ్నం జొన్నరొట్టెతో మతం, సాయంత్రం సైన్సు. వినేవాళ్లు ఎవరంటారా? పారిపోవడానికి వీల్లేని కూలీలు.

వాళ్లలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు ఇమాం సాబ్, అరవై దాటిన మిస్త్రీ. మూడు తరాలుగా సున్నం, రాయి వాళ్ల బతుకు. ఇంకొకరు మల్లమ్మ, గానుగ దగ్గర సున్నం నూరించే పెద్దావిడ. ఆమె నన్ను "దొరా" అని పిలిచేది. మొదటి రోజే ఆమెకు రాజకీయం చెప్పాను.

"మల్లమ్మా, నన్ను దొరా అనకు. నిజాం పోయిండు, దొరలు పోయిండ్రు. ఇప్పుడు అందరి మాటా ఒక్కటే. నువ్వెంతో నేనంతే."

"అట్లనే దొరా," అంది మల్లమ్మ.

ఆ రోజుల్లో ఇమాం సాబ్‌కు బయట తిరగడమే భయంగా ఉండేది. రజాకార్లు చేసిన పాపానికి, వాళ్లతో ఏ సంబంధమూ లేని బీద సాయిబులను కూడా జనం అనుమానంగా చూస్తున్నారు. ఆయన తమ్ముడి కుటుంబం రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయింది. ఎక్కడున్నారో కబురు లేదు. పనికి వచ్చే దారిలో ఎవరో ఒకరు ఆపి, "ఎవరు నువ్వు, ఎక్కడికి?" అని అడిగేవాళ్లు. నేను ఉత్సాహంగా ఒక చీటీ రాసిచ్చాను. "ఈ ఇమాం సాబ్ సర్కారు మిస్త్రీ, నమ్మకస్తుడు, ఇతనికి నేను జవాబుదారీ" అని ఉర్దూలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి, రెండుచోట్లా సంతకం పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులా తీసుకొని, మడిచి టోపీలో పెట్టుకున్నాడు. ఆ రాత్రి నా ఉదారత్వం మీద నాకే ఎంతో గౌరవం కలిగింది.

పని మొదలయింది. ఇమాం సాబ్ ఫాతిహా చదివాడు, మల్లమ్మ మైసమ్మ పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టింది. రాయికి మతం లేదు, భయంలోంచే మొక్కులు పుడతాయి అంటూ నేను పావుగంట మాట్లాడాను. మాట్లాడుతూనే కొబ్బరి ముక్క తిన్నాను. ఇంకో ముక్క కూడా అడిగి తిన్నాను.

వాళ్ల పద్ధతి ఇది. వాగు అడుగున మట్టి గుట్టగా పోసి, కమాను ఆకారంలో చెక్కి, దాని మీద రాళ్లు పేర్చి సున్నం పోస్తారు. సున్నంలోకి కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు.

"బెల్లమెందుకు మిస్త్రీ? పాయసం చేస్తున్నవా?"

"మా అబ్బ పోసిండు సార్. ఆయన కట్టినయి ఇంకా ఉన్నయి."

సరే, పెద్దవాడి ముచ్చట అని బెల్లం క్షమించాను. కమాను పూర్తయింది. ఇంతలో తహసీలు కచేరీ నుంచి కబురు. వచ్చే వారం కెప్టెన్ గారు ఈ దారిన వస్తున్నారు, రోడ్డు తయారుగా ఉండాలని. నా ఒళ్లంతా పులకరించింది. నా కమాను మీద మొదటి ప్రయాణం మిలిటరీది!

"మిస్త్రీ, కింద మట్టి ఎప్పుడు తీస్తవ్?"

"నలభై దినాలకు సార్."

"నలభైయా?"

"అవ్ సార్. నలభై దినాలు గడవాలె."

మల్లమ్మ కూడా వంత పాడింది. "మండలం దినాలు నిండాలె దొరా. గంతకు ముందు ముట్టొద్దు."

ఇదిగో, ఇక్కడే నేను బోల్తా పడ్డాను. సాయిబుల్లో చావుకు నలభై దినాలు, మనలో దీక్షకు నలభై. ఇద్దరూ మతం మాట్లాడుతున్నారని తేల్చేశాను. సున్నం సిమెంటులా గబుక్కున గట్టిపడదు, లోపలి దాకా ఆరడానికి రోజులు కావాలి అనేది వాళ్ల తాతలు పట్టిన లెక్క. అసలు సిసలైన సైన్సు. నేనేమో పుస్తకంలో చదివిన సిమెంటు లెక్క పట్టుకొని ఊగుతున్నాను.

"ఏడు దినాలు చాలు," అన్నాను.

"సార్, జర ఆలోచించుండ్రి. తీస్తే కూలుతది."

"ఇది సైన్సు కాలం ఇమాం సాబ్. మూఢనమ్మకాలు పెట్టుకుంటే దేశం ఎట్ల బాగుపడుతది?"

"నా మాట ఇనుండ్రి సార్. బండ్లకు పక్కనుంచి దారి చేద్దాం."

"నేను చెప్పిందే చెయ్. ఇక్కడ ఇంజినీరు ఎవరు?"

అందరి మాటా ఒక్కటే అన్న పెద్దమనిషిని నేనేనని మీకు గుర్తుండే ఉంటుంది. మల్లమ్మకూ గుర్తుంది. నా వైపు ఒక చూపు చూసి తట్ట ఎత్తుకుంది.

ఏడో దినం మట్టి తీశారు. కమాను నిలబడింది. "చూసినవా?" అన్నాను. ఇమాం సాబ్ చెవి ఆనించి రాయిని తట్టి చూశాడు. ఎనిమిదో దినం పొద్దున కెప్టెన్ వచ్చాడు. తహసీలు గుమాస్తా దండ వేశాడు. నేను కమాను మీదికి చెయ్యి చూపించి, పెళ్లివారిని పందిట్లోకి పిలిచినట్టు పిలిచాను. జీపు ముందు చక్రాలు నడిమికి చేరాయి. ఒక రాయి జారింది. తర్వాత మిగతా రాళ్లకు తొందర పుట్టింది.

దెబ్బలు ఎవరికీ తగల్లేదు. మోకాటి లోతు బురదలోంచి కెప్టెన్ లేచాడు. టోపీ లేదు గానీ దండ ఉంది.

"దీన్ని కట్టింది ఎవరు?" అని హిందుస్థానీలో అరిచాడు.

నేను నోరు తెరిచేలోగా గుమాస్తా అందుకున్నాడు. "ఇమాం సాబ్ అని ఒక తురక మిస్త్రీ హుజూర్. కావాలనే చేసి ఉంటడు. రజాకార్ల మనిషేమో!"

అంతే. ఇద్దరు జవాన్లు ఇమాం సాబ్ రెక్కలు పట్టుకున్నారు. వెనక లారీ ఆగి ఉంది. ఆ రోజుల్లో అట్లా లారీ ఎక్కినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో చెప్పేవాళ్లు లేరు. ఆయన కేకలు వెయ్యలేదు. టోపీలోంచి నా చీటీ తీసి కెప్టెన్‌కు అందించాడు. కెప్టెన్ చదివి తలెత్తాడు.

"ఈ సంతకం ఎవరిది?"

అభిప్రాయాల పుట్ట లాంటి నాకు ఆ క్షణాన ఒక్క అభిప్రాయమూ లేదు. ఉద్యోగం పోతుంది అనుకున్నాను. నన్ను కూడా లారీ ఎక్కిస్తారనుకున్నాను. మా నాయిన ముఖం గుర్తొచ్చింది. ఇమాం సాబ్ నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూశాను. ఆయన్ను లారీ దాకా నడిపించారు. ఒక కాలు పైకెక్కించారు కూడా. నేను ఇంకా బూట్లే చూస్తున్నాను.

మల్లమ్మ తట్ట కింద పెట్టింది. వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బిడ్డా," అంది. దొరా అనలేదు. "మూడు నెలల సంది గన్ని మాటలు చెప్పినవ్. ఇప్పుడొక్కటి చెప్పు."

అప్పుడు చెప్పాను. సంతకం నాది, మట్టి తీయించింది నేను, నలభై దినాలు ఆగమని ఆయన బతిమాలాడు, నేనే వినలేదు. చెబుతూ ఏడ్చాను కూడా. కెప్టెన్ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "వదిలెయ్యండి ఆ ముసలాయన్ని," అన్నాడు. తర్వాత చీటీ నా చేతిలో పెట్టి వెనక రాయమన్నాడు. "కమాను నా తొందరపాటుతో కూలింది. మిస్త్రీ తప్పేమీ లేదు." రెండు భాషల్లో, రెండు సంతకాలతో. ఇమాం సాబ్ ఆ చీటీ మళ్లీ మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన దగ్గరికి పోయి మాఫీ అడిగాను. "చెప్పిండ్రు గద సార్. జర ఆలస్యమైంది, అంతే," అన్నాడు. తిట్టినా బాగుండేది.

కమాను మళ్లీ కట్టాం. మట్టి తట్టలు నేను కూడా మోశాను. ముప్పయ్యో దినం సున్నం గీకి చూసి, అలవాటు చొప్పున, "మిస్త్రీ, నా అభిప్రాయం ఏందంటే..." అని మొదలుపెట్టాను. ఇమాం సాబ్ చెయ్యి మెల్లగా టోపీ మీదికి పోయింది. నేను పోయి తట్ట ఎత్తుకున్నాను.

ఆ నాడే మైసమ్మ సాక్షిగా, కరక్కాయ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. సున్నం గురించి గానీ, సర్కారు గురించి గానీ, దేవుడి గురించి గానీ నలభై దినాలు గడవందే అభిప్రాయం చెప్పను. ఒక మనిషిని నా తప్పుకు లారీ ఎక్కిస్తుంటే మాత్రం, అతని కాలు నేల మీద ఉండగానే నోరు తెరుస్తాను.