కత్తి పక్కన పెట్టిన చిచ్చా

మొన్న శుక్రవారం పొద్దున్నే దవాఖాన వార్డు నుంచి ఫోన్ వచ్చింది. "సిస్టర్, చిచ్చా పోయిండట. కాజీపేటల ఇంట్లనే. నమాజుకు లేపుదామని పోతే లేవలేదట." అవతలి పిల్ల ఇంకా ఏదో చెబుతూనే ఉంది. స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడిపోయాను. నాకు ఏడుపు తొందరగా రాదు, కోపం తొందరగా వస్తుంది. ఆ పొద్దున కూడా ముందు వచ్చింది కోపమే. నేను ఈ మనిషికి చెప్పాల్సిన మాట ఒకటి మిగిలి ఉండగా ఎట్లా పోయాడు?

చిచ్చా అంటే ఉర్దూలో బాబాయి, కానీ ఆయన నాకు చుట్టం కాదు. వరంగల్‌లో నేను నర్సుగా పనిచేసి పోయినేడు రిటైరైన దవాఖానలో, ఆపరేషన్‌కు ముందు రోగుల ఒంటి మీద వెంట్రుకలు తీసే మనిషి. అదొక ఉద్యోగమని చాలామందికి తెలియదు. కడుపు కోయాలంటే కడుపు, తల కోయాలంటే తల, నున్నగా గీసి థియేటర్‌కు పంపాలి. ఆయన వాళ్ల నాన్న క్షవరం షాపులో నేర్చుకున్న చెయ్యి దవాఖానకు తెచ్చాడు. పెద్ద డాక్టరుగారి నుంచి ఊడ్చే అమ్మ దాకా అందరికీ ఆయన చిచ్చాయే.

మిగతా చోట్ల ఈ పని ముందురోజు సాయంత్రమే కానిచ్చేవాళ్లు. చిచ్చా ఒప్పుకునేవాడు కాదు. కాజీపేట నుంచి మొదటి బస్సుకు వచ్చి, ఆపరేషన్ రోజు తెల్లవారే గీసేవాడు. ఎందుకింత అవస్థ అని కొత్తలో అడిగాను.

"సాయంత్రం గీసిన తోలు పొద్దుగాల్ల దాకా ఊకుంటదా సిస్టరమ్మా? మండుతది. మండితే గోకుతరు. గోకితే ఎర్రగ లేస్తది. ఆ పొక్కుల మీద డాక్టర్ సాబ్ కత్తి వెట్టాల్నా?"

ఆయన చదువుకున్నది ఐదో తరగతి. ఎవరూ చెప్పకుండా, తోలును చూసి చూసి తెలుసుకున్న సంగతి అది.

ఆయన పని చేస్తుంటే చూడాలి. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, గీసే చోట పరిచి కాసేపు వదిలేసేవాడు. అంతసేపూ రోగితో వాళ్ల ఊరి వానల గురించో, బర్రె గురించో మాట్లాడేవాడు. వెంట్రుక మెత్తబడ్డాక సబ్బు నురగ. మనిషి మనిషికీ కొత్త బ్లేడు, అందులో మాట లేదు. ఎడమచేత్తో తోలు కొంచెం సాగదీసి, వెంట్రుక ఎటు వాలితే అటే, అదమకుండా లాగేవాడు. ఒకసారి గీసిన చోట మళ్లీ గీసేవాడు కాదు. తర్వాత చల్లని నీళ్లతో కడిగి, రుద్దకుండా గుడ్డతో అద్దేవాడు. పటిక రాయి, స్పిరిటు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "మండితేనే మందు పనిచేస్తాందని అనుకుంటరు. మండుడంటే తోలు తిడుతాందన్నట్టు," అనేవాడు.

మా హౌస్ సర్జన్ ఒకతను రోజూ గడ్డం ఎదురు గీసుకుని, మెడ నిండా పొక్కులతో రౌండ్స్‌కు వచ్చేవాడు. ఖరీదైన క్రీములన్నీ అయిపోయాయి. చిచ్చా ఒకరోజు అతణ్ని కిటికీ దగ్గర నిలబెట్టి మెడ చూశాడు.

"డాక్టర్ సాబ్, గడ్డం మీద పగబట్టినవా ఏంది? ఎదురు గీస్తె వెంట్రుక తోలు లోపట్నే తెగుతది. మళ్ల మొలిచేటప్పుడు బయటికి తొవ్వ దొరకక లోపటికే తిరుగుతది. గవే గీ పొక్కులు. గిల్లకు. వారం దినాలు బ్లేడు ముట్టకు. రోజు ఉడుకు గుడ్డ కాపు."

"పెద్దసార్ తిడతాడు చిచ్చా, గడ్డంతో వస్తే."

"తిడితే నా పేరు చెప్పు. మెడ నీదా, పెద్దసార్‌దా?"

వారం తర్వాత ఆ డాక్టరు చిచ్చాను రోజూ తన స్కూటర్ మీద బస్టాండ్‌లో దింపడం మొదలుపెట్టాడు.

నన్నయితే ఆయన ఇలా నవ్వుతూ వదల్లేదు. ఆడవాళ్ల వార్డులో ఈ పని నర్సులమే చేయాలి. కేసముద్రం నుంచి ఒక రైతమ్మ కడుపు ఆపరేషన్‌కు వచ్చింది. పత్తి తీతల మధ్య వీలు చేసుకుని వచ్చింది పాపం. నేను డ్యూటీ దిగే తొందరలో సాయంత్రమే, నీళ్లు కూడా సరిగ్గా పెట్టకుండా, అటూ ఇటూ నాలుగుసార్లు గీకి పారేశాను. తెల్లారి చూస్తే కడుపంతా ఎర్రటి పొక్కులు, కొన్నిట్లో చీము. సర్జన్ ఆపరేషన్ ఆపేశాడు. తోలు మానాక రమ్మన్నాడు. ఆమె నొప్పి కడుపు పట్టుకుని, మూట నెత్తిన పెట్టుకుని వార్డు దాటిపోతుంటే నేను మందుల అల్మారా సర్దుతున్నట్టు నటించాను. చిచ్చా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నీకు తొందరుంటది సిస్టరమ్మా. తోలుకు తొందరుండదు," అన్నాడు. ఆ తర్వాత నెలరోజులు ఊదిన బెలూన్‌కు నురగ రాసి, పగలకుండా గీయమని నాతో చేయించాడు. ఎన్ని పగిలాయో చెప్పను. రైతమ్మ మళ్లీ వచ్చేసరికి నా చెయ్యి కుదిరింది. దేవుని దయవల్ల ఆమె బాగానే ఇంటికి పోయింది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

చిచ్చాకు ఒక అన్న ఉండేవాడు. తండ్రి పోయాక చిచ్చాను పెంచింది ఆయనే, రైల్వేలో పట్టాల మీద గ్యాంగ్ పని చేసి. హెర్నియా ఆపరేషన్‌కు మా దవాఖానకే వచ్చాడు. పొద్దున్నే చిచ్చా తన చేత్తోనే తయారు చేశాడు. నేను సెలైన్ పెట్టడానికి తెర తీసేసరికి, గీసిన చోటే మళ్లీ గీస్తున్నాడు. రెండోసారి అయ్యింది, మూడోసారి కూడా.

"ఏంది చిచ్చా, ఒక్కసారే గీయాలంటవు కదా?"

"మా భాయ్ సిస్టరమ్మా. అద్దం లెక్క ఉండాలె," అని నవ్వాడు. మంచం మీది పెద్దాయన కూడా నవ్వాడు. "వీనికి చిన్నప్పట్నుంచి గంతే, నా పనంటే ఎచ్చు చేస్తడు."

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజు కుట్ల దగ్గర చీము పట్టింది. పెద్దాయనకు షుగర్ ఉంది. జ్వరం దిగలేదు. మూడు వారాలు చిచ్చా మంచం పక్కనుంచి కదల్లేదు. చివరికి పెద్దాయన పోయాడు. షుగర్ మనిషి, పుండు మానలేదు అన్నారు. అందరం అదే అన్నాం. చిచ్చా కూడా అదే అనుకుని మళ్లీ పనికి వచ్చాడు.

చాలా ఏళ్లు గడిచాయి. ఒకరోజు మాకు క్లాసు పెట్టారు. బయటినుంచి వచ్చిన డాక్టరమ్మ తెర మీద బొమ్మలు చూపించింది. బ్లేడుతో గీసిన తోలు, పెద్దది చేసి చూపిస్తే, దున్నిన చెలకలాగా ఉంది. ఎంత నేర్పుగా గీసినా కంటికి కనబడని గాట్లు పడతాయట. వాటిల్లో క్రిములు చేరి ఆపరేషన్ గాయానికి పాకుతాయట. ఇకమీదట బ్లేడు వద్దు, అవసరమైతేనే మిషన్‌తో వెంట్రుక కత్తిరించాలి, లేదా అలాగే వదిలేయాలి అని చెప్పింది. చిచ్చా వెనక బెంచీలో కూర్చుని ఆ బొమ్మ తీసేసేదాకా చూశాడు.

క్లాసు అయ్యాక వరండాలో నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, ఇన్నేండ్లు నేను చేసింది గదేనా?"

"నువ్వు జాగ్రత్తగ చేసినవు చిచ్చా. అప్పుడు గదే పద్ధతి."

"మిగతాది వదిలెయ్. మా భాయ్?"

నాకు ఆ మూడోసారి గీత కళ్లముందు కనబడింది. ఆయనకూ కనబడుతోందని తెలుసు. షుగర్ కావచ్చు, కత్తి కావచ్చు, రెండూ కావచ్చు. ఎవరూ ఏదీ తేల్చి చెప్పలేరు. ఆ మాటే చెప్పి ఉండాల్సింది.

"షుగర్‌తోనే చిచ్చా," అన్నాను. "కేస్ షీట్ నేనే చూసిన. పక్కా షుగరే. నీ కత్తికి దానికి సంబంధమే లేదు. ఫికర్ చెయ్యకు."

చిచ్చా "అచ్ఛా" అన్నాడు. మర్నాటి నుంచి మిషన్ పట్టాడు. చివరి దాకా దానితోనే పని చేశాడు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. హమ్మయ్య, నమ్మాడు అనుకున్నాను. ఆదివారం చర్చిలో కూర్చుని, అబద్ధమైనా మంచి అబద్ధమేనని నాకు నేనే చెప్పుకున్నాను.

శుక్రవారం వాళ్లింటికి పోయేసరికి మగవాళ్లు వాకిట్లో ఉన్నారు. ఆయన భార్య, మేమంతా చాచీ అని పిలిచే ఆమె, లోపలి గదిలో గోడకానుకుని కూర్చుంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ ముచ్చట మస్తు చెప్పేటోడు బిడ్డా. ఆ క్లాసు దినం ఇంటికచ్చి బువ్వ తినలే. సిస్టరమ్మ నాకోసం అబద్ధమాడింది అన్నడు."

"నమ్మలేదా చాచీ?"

"ఏడ నమ్మిండు? నువ్వు నేల చూసుకుంట చెప్పినవట. 'నేను నమ్మిన అనుకోనీ, లేకుంటే ఆమె కూడ కుములుతది' అన్నడు. నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నడు, నీకు చెప్పొద్దని. రోజు నమాజు అయినంక చేతులు చాపి, మాఫ్ చెయ్ భాయ్, మాఫ్ చెయ్ భాయ్ అని గంతే. పొద్దు మాపు గదే మాట."

అన్నేళ్లు. నేను తలుపు అంత గట్టిగా మూసేశాను కాబట్టి ఆయన మళ్లీ తట్టలేదు. "తెల్వది చిచ్చా, ఎవరికీ తెల్వది" అని ఉంటే, కనీసం ఆ తెలియనిదాన్ని ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. అడగడానికి ఆయనకు ఒక మనిషి మిగిలి ఉండేది. నేను ఆయన బరువు దించాననుకున్నాను. ఆయనేమో నా బరువు కూడా మోశాడు.

మగవాళ్లు జనాజాను భుజాలకెత్తుకున్నారు. ఆడవాళ్లం డాబా ఎక్కి చూశాం. బస్తీ చివర రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి వస్తోంది, బొగ్గు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి. మోసేవాళ్లు కింద దించలేదు. గేటు ముందు ఎండలో అలాగే నిలబడి, ఒకరి తర్వాత ఒకరు భుజాలు మార్చుకుంటున్నారు.

"నాకు తెల్వది చిచ్చా," అన్నాను. "ఆ రోజు కూడ తెల్వది." బండి చప్పుడులో నా మాట నాకే వినబడలేదు. చాచీ నా మొహంలోకి చూసి, నా చెయ్యి వదలకుండా అట్లాగే నిలబడింది.

ఆఖరి డబ్బా పోయింది. గేటు లేచింది. పట్టాల దగ్గర అడుగులు తడబడకుండా అందరూ దగ్గరికి జరిగి, జనాజా మీది పచ్చని చద్దరు కదలకుండా, మెల్లగా ఆయన్ను అవతలికి దాటించారు.