ఆ లైన్ రాసింది నేనే, యాదగిరన్నా

నిన్న పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో ఉండగా స్వప్న ఫోన్ చేసింది. క్లాసులో నేను ఫోన్ ఎత్తను. మూడోసారి కూడా మోగితే ఎత్తాను.

"సార్, నాన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుతుంటె ఛాతిల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపోయేలోపట్నే..."

"సరేనమ్మా, వస్తున్నా" అన్నాను. బోర్డు మీద సగంలో ఉన్న ప్రాబ్లమ్ పూర్తి చేశాను. ఆన్సర్ కూడా కరెక్టుగానే వచ్చింది. తర్వాత బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

ఇది చదివేవాళ్లలో సగం మందికి స్వప్న వాళ్ల నాన్న యాదగిరన్న తెలియదు. కర్మన్‌ఘాట్ రోడ్డులో ఆటోలు బాగుచేసే మెకానిక్. ముప్పై ఏళ్లుగా అదే రేకుల షెడ్డు. అక్కడి ఆటో మెకానిక్‌ల యూనియన్‌కి ప్రెసిడెంట్. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చాడు. బడికి వెళ్లింది మూడో తరగతి వరకే.

నేను చైతన్యపురిలో పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునే టీచర్ని. ఆదివారాలు పర్యావరణం. మాదొక చిన్న గ్రూప్, పదిమందిమి ఉంటాం, మీటింగ్‌కి ఆరుగురం వస్తాం.

మూడేళ్ల క్రితం ఎల్బీ నగర్ మెట్రో కింద నిలబడి కరపత్రాలు పంచుతున్నాం. డీజిల్ ఆటోలు పోవాలి, ఎలక్ట్రిక్ ఆటోలు రావాలి అని. యాదగిరన్న ఒకటి తీసుకుని, పక్కనున్న డ్రైవర్‌తో చదివించుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"పొగ పోవాలె సార్. అందరికన్నా ఎక్కువ మింగింది నేనే. మరి గా కరెంటు బండికి ఇంజన్ ఉండదు, ఆయిల్ ఉండదు. మేమేం జేసుకోని బతకాలె? గీ కాగితంల మా ముచ్చట ఏడుంది?"

లేదు. ఎంత వెతికినా లేదు.

మా గ్రూప్‌లో కొందరికి ఆయన అడిగిన తీరు నచ్చలేదు. యూనియన్ అంటే అన్నిటికీ అడ్డుపడేవాళ్లని మావాళ్ల నమ్మకం. చదువుకున్నోళ్లు తీరిక ఎక్కువై కడుపు కొట్టడానికి వచ్చారని వాళ్ల నమ్మకం. ఆయన షెడ్డులోనే, పాత టైర్ల మీద కూర్చుని, నాలుగు ఆదివారాలు పోట్లాడుకున్నాం.

చివరికి ఒక మాట మీదకి వచ్చాం. ఎలక్ట్రిక్ ఆటోలు రావాలి. వాటి రిపేరు ముందు ఈ మెకానిక్‌లకే ఫ్రీగా నేర్పాలి. ప్రభుత్వ ఆఫీసుకి అర్జీ రెండు సంఘాల పేరు మీదా వెళ్లాలి.

డ్రాఫ్ట్ నేను రాశాను. పెద్ద చదువుకున్నవాణ్ణి కదా.

అందులో "కనీసం పదో తరగతి పాసైన మెకానిక్‌లకు" అని రాశాను. అలా రాయమని ఎవరూ అడగలేదు. ఏ అప్లికేషన్‌లో చూసినా క్వాలిఫికేషన్ కాలమ్ ఉంటుంది కాబట్టి అలవాటు కొద్దీ రాసేశాను. తలా ఒక కాపీ ఇచ్చి, సారాంశం నోటితో చెప్పాను. అందరూ నన్ను నమ్మి సంతకాలు పెట్టారు.

శాంక్షన్ వచ్చింది. మేం అడిగిన కండిషన్‌తోనే వచ్చింది. యూనియన్‌లో సగానికి పైగా బయటే మిగిలిపోయారు, ప్రెసిడెంట్‌తో సహా.

ఆ రోజు ఆఫీసు వరండాలో యాదగిరన్న మండిపడ్డాడు.

"స్పానర్ పట్టనీకె పది పాస్ గావాల్నా? ఏసీల కూసోని రాస్తరు గిసుంటియి!"

నేను పక్కనే ఉన్నాను. తప్పు నాదని అర్థమైంది. నోరు మాత్రం లేవలేదు.

ఆ తర్వాత ఆ కండిషన్ తీయించడానికి ఎనిమిది నెలలు నా స్కూటర్ మీద ఇద్దరం ఆ ఆఫీసు చుట్టూ తిరిగాం. ఈసారి చెప్పేద్దాం అని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. నేను ఎనిమిది నెలలూ దొరగానే తిరిగాను.

ఒకసారి ఆఫీసర్ ఫైల్ తెరిచి మా మొదటి అర్జీ బయటికి తీశాడు. చదివితే ఆ లైన్ ఎవరిదో బయటపడుతుంది. ఆయన చదవడం మొదలుపెట్టేలోపే యాదగిరన్న వంగి, దాని మీద కొత్త అర్జీ పెట్టేశాడు.

"గది పాతది సార్, ఇడ్సిపెట్టున్రి. గిది జూడున్రి."

హమ్మయ్య, అదృష్టం అనుకున్నాను.

మొత్తానికి పదో తరగతి తీసేసి, దాని బదులు చేతిపని టెస్ట్ పెట్టారు. యాదగిరన్న మొదటి బ్యాచ్‌లోనే చేరాడు.

క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ మీటర్ పెట్టి మోటార్ చెక్ చేస్తుంటే, ఈయన వెళ్లి పొడుగు స్క్రూడ్రైవర్ కొన మోటార్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడట. డీజిల్ ఇంజన్ రోగాలన్నీ అలాగే కనిపెట్టేవాడు. కుర్రాళ్లు నవ్వారు. "బేరింగ్ పోతున్నది" అన్నాడు. విప్పి చూస్తే నిజమే. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఈ ముచ్చట రెండుసార్లు చెప్పాడు. అంత సంతోషంగా ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు ఆ షెడ్డుకి వచ్చే బళ్లలో సగం ఎలక్ట్రిక్‌వే.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక స్వప్నని పక్కకి పిలిచాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఇంటికి వెళ్లలేననిపించింది.

"అమ్మా, ఆ పదో తరగతి లైన్ ఆఫీసువాళ్లు పెట్టింది కాదు. నేనే రాశాను."

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"ఎరికే సార్. ఆర్డర్ వచ్చిన్నాడే మీరిచ్చిన కాపీ నాతోని సదివించుకున్నడు. మీతోని ఆఫీసు సుట్టు తిరగవట్టినంక అన్నడు, 'సార్‌కు సిగ్గయితది బిడ్డా, అడగొద్దు. తప్పయిందని ఎరికయ్యే గదా మనతోని తిరుగుతున్నడు' అని."



ఎనిమిది నెలలు నా స్కూటర్ వెనక కూర్చున్న మనిషికి అంతా తెలుసు. ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ ఏవేవో కబుర్లు చెప్పాడు. ఆ ఒక్కటీ అడగలేదు.

అన్నా, నీకు ఒక్కడికి చెప్పాల్సిన మాట ఇప్పుడు నలుగురిలో చెబుతున్నాను. క్షమించు.

వెళ్లిరా యాదగిరన్నా. నిమ్మళంగా ఉండు.