స్టాఫ్‌కి వ్యాన్ వచ్చిన రోజు

మా ఊరి దగ్గరి రొయ్యల కంపెనీలో ‘స్టాఫ్’ అంటే పనిచేసేవాళ్ళందరూ కాదు. ఫ్యాన్ కింద కూర్చుని కంప్యూటర్ కొట్టేవాళ్ళం మాత్రమే. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళు లేబర్. మాకు ముందు గేటు, వాళ్ళకు వెనక గేటు. ఆఖరికి టీ కూడా వేరే. ఇదెక్కడి న్యాయమని ఎవరూ అడగరు, అంత అలవాటైపోయింది.

నేను స్టాఫ్. మా అమ్మ లేబర్. నాన్న చేపల వేటకు వెళ్ళలేని స్థితికి వచ్చాక, ఆ ఐసు నీళ్ళ ముందు నిలబడి పనిచేసి నన్ను డిగ్రీ చదివించింది. నాకు అక్కడే ఉద్యోగం వచ్చినప్పుడు ముందే చెప్పేసింది. “కంపెనీలో నన్ను అమ్మా అనకే. లేబర్ కూతురని తెలిస్తే చులకనగా చూస్తారు.” నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళెవరు? ఎదురుపడితే తానే పక్కకు తప్పుకుని “నమస్తే మేడమ్ గారండీ” అనేది.

ఒకరోజు మధ్యాహ్నం సైరన్ మోగింది. కోల్డ్ స్టోరేజీలో అమోనియా గ్యాసు లీకైంది. ముక్కు, గొంతు భగ్గుమన్నాయి. మేమంతా ముందు గేటు దగ్గరికి పరుగెత్తేసరికి వ్యాన్ సిద్ధంగా ఉంది.

“స్టాఫంతా ఎక్కండి, త్వరగా!” అని మేనేజరు గారు అరుస్తున్నారు.

“మరి లోపల లేబరండీ?” అన్నాను.

“వాళ్ళకి వెనక గేటుందిగా అమ్మా! ముందు మీరెక్కండి.”

చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక గేటు వైపు పరుగెత్తాను. గేటులోంచి ఆడవాళ్ళు దగ్గుతూ, ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నారు. అందరికీ అవే టోపీలు, అవే మాస్కులు, అవే బూట్లు. ఏ కళ్ళు చూసినా అమ్మవి కావు. లోపలే పడిపోయిందేమో. “అమ్మా! అమ్మా!” అని గొంతు చించుకున్నాను. చాలామంది తిరిగి చూశారు. అమ్మ మాత్రం లేదు. జనం పలచబడుతున్నకొద్దీ నా భయం పెరిగిపోయింది.

చివరికి అమ్మ, ఎవరో పెద్దావిడని భుజం పట్టుకుని నడిపిస్తూ వచ్చింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నన్ను చూడగానే ఆ కళ్ళలో భయం కనిపించింది. గ్యాసుకి కాదు, నన్ను చూసి.

“ఇటెందుకొచ్చావే? అక్కడ నిన్ను పిలుస్తున్నారు. పో! అందరూ చూస్తున్నారు!”

“చూడనీ.”

“ఉద్యోగం తీసేస్తే ఏం చేస్తావే, బుద్ధిలేనిదానా?”

మాట పూర్తికాకముందే దగ్గు తెర ముంచుకొచ్చి వంగిపోయింది. పట్టుకున్నాను. వ్యాన్ హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. అమ్మ నన్ను కాలవగట్టు మీదికి, గాలికి ఎదురుగా ఈడ్చుకుపోతూ దారంతా తిడుతూనే ఉంది. నేను ఏడుస్తూ, ఇంకా తిట్టు, ఆపకు అనుకున్నాను.