అక్క ముక్కు పట్టుకున్న రోజు

మా అమ్మాయి వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపే నోటీసు బోర్డు. ఏ వారం ఏ రంగు మూత చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టాలో, ఎవరికి పళ్ళ డాక్టరు దగ్గర ఏ రోజు పనుందో, అన్నీ అయస్కాంతం బిళ్ళల కింద వేలాడుతూ ఉంటాయి. అచ్చయిన కాగితం ఏది కనబడినా అక్షరం వదలకుండా చదవడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. పకోడీల పొట్లం విప్పితే ముందు కాగితం చదివి, తరువాత పకోడీ తిన్నవాణ్ణి. అందుకని ఈ ఏడాది ఆఖరి టర్మ్ మొదలైన వారం మనవరాలి బడి నుంచి వచ్చిన కాగితాన్ని కూడా, నిఘంటువు పక్కన పెట్టుకుని, మొత్తం చదివాను.

మనవరాలిది బడి చదువులో ఆరో ఏడు. ఇక్కడ మేముండే టకానినిలో దాని బడిలో అదే ఆఖరి తరగతి, జనవరి పోయాక వేరే బడికి వెళ్ళిపోతుంది. ఈ పది వారాల్లో ఆ తరగతి పిల్లలు ఏమేం చేస్తారో అందులో రాశారు. భిన్నాలు ఐదు వారాలు నేర్చుకుంటారట, అదీ కాగితపు చక్రాలు కత్తిరించి, ఐస్‌క్రీం పుల్లలతో వంతెన కట్టి అది ఎంత బరువు మోస్తుందో చూస్తారట, ఈత నేర్చుకుంటారట, మూడు రోజులు క్యాంపుకి పోయి డేరాల్లో పడుకుంటారట, ఇక్కడి మూలవాసుల మావోరీ భాషలో తమ కొండ ఏదో, తమ నది ఏదో చెప్పుకుని తామెవరో పరిచయం చేసుకుంటారట, ఎండలోకి టోపీ లేకుండా రాకూడదట. ఎక్కాల మాట ఎక్కడా లేదు. ముప్పావు అంటే ఏమిటో తెలియడానికి ఐదు వారాలు, రంగు కాగితాలూ, కత్తెరలూనా అని నాకు ఒళ్ళు మండింది. అల్లుడితో అంటే, రైలుకి టైమయిందని బూట్లు తొడుక్కుంటూ, ఇక్కడ అంతేనండి మామయ్యగారూ అని నవ్వి వెళ్ళిపోయాడు.

మీలో నా ఈడు వాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా ఎలిమెంటరీ బడిలో అయిదోదే ఆఖరి తరగతి. అయిదోది దాటేలోపల మాకు ఇరవై ఎక్కాలే కాదు, పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం నోటికి రావాలి. మధ్యాహ్నం బెల్లు కొట్టాక మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి నోటిలెక్కలు అడిగేవారు. వరసలో చివరివాడితో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ లేపుతూ వచ్చేవారు. చెప్పలేనివాళ్ళు నిలబడే ఉండాలి. చివరికి ఎవడు చెబితే వాడు లేచి, నిలబడ్డవాళ్ళ దగ్గరికి వరసగా వెళ్ళి, ఎడంచేత్తో ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మాస్టారు చెయ్యి నొప్పి పుట్టించుకోవలసిన పని లేదు. స్నేహితుడు కదా అని మెల్లగా తాకించామా, ఇలా కాదురా అని మాస్టారు దిగివచ్చి ఎలా కొట్టాలో మన చెంప మీదే చూపించేవారు. తెలివైనవాడికి తెలివి ఎందుకొచ్చిందో తెలియాలంటే పక్కవాడి చెంప ఎర్రబడాలన్న పద్ధతి అది. నేను లెక్కల్లో చురుకైనవాణ్ణి. నా చెయ్యి బాగా ఆడేది.

ఆ కాగితం చివర ఇంకో సంగతి ఉంది. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళని వాళ్ళ చిన్నప్పటి బడి గురించి అడిగి, చార్టు మీద రాసి, ఆఖరి నెలలో ఒక శుక్రవారం తల్లిదండ్రుల ముందు చదవాలి. మనవరాలు టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూచుంది. అది తెలుగు అర్థం చేసుకుంటుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషే. బడికి ఎలా వెళ్ళేవారు, ఏం తినేవారు, ఆటలేవి, అన్నీ అడిగింది. తప్పు చెబితే ఏం చేసేవారు అని కూడా అడిగింది. నేను సరదాగా, కొంచెం గొప్పగానే, దాని ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాను. అది నా చెయ్యి తోసేసింది.

"కిడ్స్ కిడ్స్‌ని కొట్టేవాళ్ళా తాతయ్యా? టీచర్ కొట్టమనేవారా?"

"అనేవారు. నన్ను కొట్టినవాడు మాత్రం లేడమ్మా."

"మరి మీ సిస్టర్ సేమ్ క్లాస్ అన్నారుగా. ఆవిడని కూడా కొట్టారా?"

ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ నేను అబద్ధం చెప్పాను. అక్కకి చదువు అబ్బలేదమ్మా, అప్పటికే మానేసింది అన్నాను. అది తలూపి, ఆ మాట ఇంగ్లీషులో టకటకా కొట్టేసుకుంది.

జరిగింది వేరు. అక్క నాకన్నా రెండేళ్ళు పెద్దది. వరసగా పుట్టిన తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేక ఆలస్యంగా బళ్ళో వేశారు గనుక ఇద్దరం ఒకే తరగతిలో ఉండేవాళ్ళం. ఆ రోజు అందరికన్నా చంటివాణ్ణి నిద్రపుచ్చి, పరుగెత్తుకుంటూ, నోటిలెక్కలు మొదలయ్యాక వచ్చింది. ఇంకా గుమ్మంలోనే ఉండగా మాస్టారు దానివైపే తిరిగి, పదహారు ముప్పావులు ఎంత అన్నారు. రొప్పుతూ నిలబడింది. తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను పన్నెండు అన్నాను. వెళ్ళి ముక్కు పట్టుకుని మెల్లగా తాకించాను. మాస్టారు వచ్చి నాకొకటి ఇచ్చారు. రెండోసారి కొట్టినప్పుడు అక్క ముక్కుపుడక నా వేలికి గుచ్చుకుంది, అంత గట్టిగా పట్టుకున్నాను. బడంతా నవ్వింది.

అక్కడితో అయిపోతే అది మాస్టారి పాపమే అనుకుని బతికేద్దును. సాయంత్రం నాన్న, దాని చెంప అలా ఉందేమిటని నన్నడిగాడు. అయిదోది అయ్యాక పక్క ఊరి హైస్కూలుకి ఇద్దరినీ పంపాలా ఒకరినేనా అని నాన్న ఆ నెలంతా ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. తెలిసే, దానికి ముప్పావులు కూడా రావు నాన్నా, అందరూ నవ్వారు అన్నాను. అడిగింది ఒక్క లెక్కేనని చెప్పలేదు, గుమ్మంలో ఉండగా అడిగారని చెప్పలేదు. నాన్న, అయితే ఎందుకులే ఇంక అన్నాడు. అక్క మర్నాటినుంచి బడికి రాలేదు. అయిదోది పూర్తి కావడానికి అప్పటికి రెండు నెలలే ఉంది.

దాన్ని మాన్పించి చదివిస్తే నేను ఉద్ధరించిందేమిటంటే, ఎనిమిదో తరగతి తప్పాను. తరువాత కరెంటు ఆఫీసులో చేరి, స్తంభాలెక్కి దిగుతూ, సబ్‌స్టేషన్‌లో కూచున్న వేళల్లో గ్రంథాలయం పుస్తకాలు తిరగేసి, ఇంగ్లీషు కూడా అలాగే కూడబలుక్కుని నేర్చుకున్నాను. గురువు లేకుండా చదువుకున్నవాణ్ణని నలుగురిలో చెప్పుకోవడం నాకు అలవాటు. ఇక్కడ ఊరికి రెండో చివర శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ సరుకుల కొట్టు ముందు కలిసే నా ఈడు వాళ్ళతో, ఆ దెబ్బల వల్లే బాగుపడ్డాం అని నేనే ముందు అనేవాణ్ణి. ఎవరి దెబ్బల వల్ల ఎవరు బాగుపడ్డారో ఎవరూ అడగరు గదా.

మనవరాలి చార్టు తయారైంది. పైన నా ఫొటో, కింద రంగు రంగుల అక్షరాలు, మధ్యలో ఆ వాక్యం: తాతయ్య అక్కకి చదువు రాలేదు, అందుకని ఆవిడ బడి మానేసింది. మా అమ్మాయికి ఇంకో ఆలోచన వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి, అంటే అక్కడ మన ఊళ్ళో పొద్దున్న ఆరున్నరకి, పెద్దత్తకి వీడియో కాల్ చేద్దాం నాన్నా, ఆ బడి సంగతి తెలిసినవాళ్ళు మీ ఇద్దరే మిగిలారు, వింటే సంతోషిస్తుంది అంది. అక్కకి ఇంగ్లీషు రాదు. కానీ పక్కన దాని మనవరాలు ఉంటుంది, చదువుకున్న పిల్ల, ప్రతి మాటా తెలుగులో చెబుతుంది. తనకి చదువు రాలేదని డెబ్బై ఆరేళ్ళ అక్క, ముక్కూమొహం తెలియనివాళ్ళ ఊళ్ళో గోడకి అంటించిన అట్టముక్క మీద, నా నోటిమాటగా వినబోతోంది.

మూడు రోజులు వాయిదా వేశాను. గురువారం, అక్కడ వాళ్ళు లేచే వేళ చూసుకుని ఫోను చేశాను.

"ఏరా, ఇవాళప్పుడే చేశావ్, ఒంట్లో బానే ఉందా?"

అంతా చెప్పాను. చెంపదెబ్బ చెప్పాను, నాన్నతో అన్నమాట చెప్పాను, మనవరాలికి చెప్పిన అబద్ధం చెప్పాను. అవతల నుంచి నవ్వు వినబడింది.

"ఆ రోజుల్లో ఎవరి ముక్కు ఎవరు పట్టుకోలేదురా. నీ ముక్కు నేను రెండుసార్లు పట్టుకున్నాను. ఓసారి నిక్కరు తడుపుకున్నావు కూడాను."

నాకు జ్ఞాపకం లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. ఏళ్ళనాటి వాన తారీఖులు చెప్పగలనని విర్రవీగేవాణ్ణి, అది మాత్రం ఎక్కడా తగలలేదు.

"నాన్నతో నువ్వు ఏమన్నా, నన్ను ఆపేవాడేలే. దాని గురించి నాకు బాధ లేదు," అంది. "హైస్కూలు పుస్తకాలు తెచ్చుకున్నావు చూడు, అట్టలు నేనే వేశాను. వేస్తూ వేస్తూ ఒకటి తెరిచి చదువుతుంటే లాక్కున్నావు. నీకర్థం కాదులే, మాసిపోతాయి అన్నావు. అప్పణ్ణించి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడివి. నువ్వు బడికెళ్ళాక ఆ తాళం ఎన్నిసార్లు లాగి చూశానో. చదవకపోతే అక్షరాలు పోతాయిరా తమ్ముడూ. పెళ్ళయిన కొత్తలో బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేదాన్ని. తరవాత అదీ పోయింది."

ఇదీ నాకు జ్ఞాపకం లేదు. ఇన్నేళ్ళూ చెంపదెబ్బనీ, నాన్నతో అన్నమాటనీ దాచుకుని, అవే నా తప్పనుకుని, వాటికే సిగ్గుపడుతూ వచ్చాను. అసలు తప్పు ఇంకోచోట చేసి, శుభ్రంగా మరిచిపోయాను. పిల్లని ఏది చదవాలనుంటే అది చదవనీరా, పాపం కష్టపడి రాసుకుంది అని అక్కే అంది. పొయ్యి మీద పాలున్నాయని పెట్టేసింది.

మనవరాలు బడి నుంచి వచ్చి బిస్కెట్లు తింటూంటే పక్కన కూచుని చెప్పాను.

"అంటే మీరు నాకు లై చెప్పారా?"

"అవునమ్మా."

"ఎందుకు?"

"సిగ్గేసి."

ఒక నిమిషం నా మొహం చూసింది. కోప్పడుతుందనుకున్నాను, జాలిపడుతుందనుకున్నాను, రెండూ చెయ్యలేదు. సరే, ఇంకో కాపీ రాయాలి, ఏం జరిగిందో మళ్ళీ మొదటినుంచీ చెప్పండి అని టాబ్లెట్ తీసింది. చెబుతూంటే మధ్యలో ఆపి, ఆవిడ పేరేమిటి అంది. అప్పటిదాకా ఆ చార్టు మీద నా పేరు నాలుగుసార్లు ఉంది, అక్క పేరు ఒక్కసారీ లేదు. నేను చెప్పలేదు, అందుకని లేదు.

శుక్రవారం అందరం వెళ్ళాం. పిల్లలు సగంమంది చెప్పులు లేకుండా కార్పెట్ మీద కూచున్నారు. అమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుంది, అందులో అక్క, తల దువ్వుకుని, పొద్దున్నే జరీచీర కట్టుకుని కనబడింది. మనవరాలు తడబడకుండా చదివింది. ముక్కు పట్టుకుని కొట్టడం దగ్గర పిల్లలు నవ్వారు. ట్రంకుపెట్టె తాళం దగ్గర నవ్వలేదు. వాళ్ళ టీచరమ్మ నావైపు చూడలేదు, అది ఆవిడ మర్యాద. నేను కుర్చీలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ కింద పెట్టుకున్నాను. ఫోనులో అక్క మనవరాలు ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చెబుతోంది. తన పేరు వినబడ్డప్పుడు అక్క కొంగు సర్దుకుంది.

చదవడం అయ్యాక పక్క గదిలోంచి అయిదేళ్ళ పిల్లలు వచ్చి ఈ పెద్దపిల్లల పక్కన చేరారు. శుక్రవారం శుక్రవారం వీళ్ళు వాళ్ళ చేత చదివిస్తారట. ఒక్కొక్క జంటకి ఒక పుస్తకం, సగం ఒకరి ఒళ్ళో, సగం ఇంకొకరి ఒళ్ళో. చిన్నది ఒక మాట దగ్గర ఆగిపోతే మనవరాలు అందించలేదు, గదమాయించలేదు, ఊరికే ఆగింది. నేను లోలోపల ఆ మాట చెప్పెయ్యబోయి పళ్ళ మధ్య పట్టి ఉంచాను. చాలాసేపే ఆగింది. చివరికి చిన్నది దాన్ని తనే పట్టుకుంది, ఇద్దరూ పేజీ తిప్పారు. అంతే, అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. మా అమ్మాయి ఫోను వాళ్ళ మీదికి తిప్పి చూపిస్తోంది. అక్క, ఆ పుస్తకంలో ఏం రాసుందిరా అని నన్నడిగింది. నీకర్థం కాదులే అక్కా, ఇంగ్లీషు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా అది అక్కడే, వాడుకకి సిద్ధంగా ఉంది. మింగేసి, వంగి, చదివి, అర్థం చెప్పాను. ఊఁ అంది, తరువాతది కూడా చదవమంది.

మన కాలపు బడి మనకి ఇంత బాగా జ్ఞాపకం ఉండడం గొప్పే అనుకుంటూ వచ్చాం. భయపడ్డవాళ్ళకీ భయపెట్టినవాళ్ళకీ ఏదైనా జ్ఞాపకం ఉంటుంది, అదీ ఎవరికి కావలసినంత వాళ్ళకి. ఈ పిల్లలు ఇంకో రెండు నెలల్లో వేరే బడికి వెళ్ళిపోతారు, ఈ గదినీ, ఈ మధ్యాహ్నాన్నీ, పక్కన కూచుని చదివిన చిన్నదాని పేరునీ కొన్నేళ్ళలో మరిచిపోతారు. మరిచిపోతే ఎవరికీ ఏ నష్టమూ లేని బాల్యం వాళ్ళది. అది చూసి అసూయపడే వయసు కాదు నాది, కానీ పడ్డాను. నాకోసం కాదు, వానాకాలపు పొద్దుటిపూట ఎవరూ లేని ఇంట్లో, చంటిపిల్లవాణ్ణి చంకనేసుకుని, ఊడిరాని తాళాన్ని లాగి చూసిన పన్నెండేళ్ళ పిల్ల కోసం.