రెండో తాబేలు ఎందుకు తెచ్చుకోలేదంటే

ఆ రోజుల్లో ప్రతి నిర్ణయమూ బాగా ఆలోచించే తీసుకుంటున్నానని నాకు గట్టి నమ్మకం. అమెరికా వచ్చిన కొత్త, ప్లేనోలో మొదటి ఉద్యోగం, చిన్న అపార్ట్‌మెంట్, అందులో నేనూ, ఒక రష్యన్ తాబేలూ. ఆఫీసులో ఒకాయన వేరే ఊరు మారిపోతూ నాకు అంటగట్టి వెళ్లిన ప్రాణి అది. ఏ ఆకు పెట్టినా అర్జీ చూసినట్టు కాసేపు చూసి గానీ ముట్టుకునేది కాదు. అందుకని తాసీల్దారుగారని పేరు పెట్టుకున్నాను.

మా స్నేహితుల్లో నెల్లూరమ్మాయి అని పిలుచుకునే ఆమె అప్పుడే ఎమ్మెస్ ముగించింది. ఆమె దగ్గరా ఒక తాబేలుండేది, కాళ్ల మీద ఎర్రటి పొలుసులుండే వేరే జాతిది. దేశానికి ఇంకో మూలనున్న రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చింది, అక్కడ తీసుకున్న ఇంట్లో జంతువుల్ని ఒప్పుకోరట. "నీకు ఆల్రెడీ అలవాటే కదా, దీన్ని కూడా ఉంచుకోగలవా? మొహమాటపడకు, ఆలోచించి చెప్పు. రెండు వారాల్లో నేను మూవ్ అవ్వాలి" అంది.

ఆలోచిస్తానన్నాను గానీ, ఆలోచన అక్కడే అయిపోయింది. తాబేలు నా దగ్గరుంటే దాని క్షేమం అడగడానికి వారానికోసారైనా ఆమె ఫోన్ చేస్తుంది. అవి యాభై ఏళ్ల దాకా బతుకుతాయని చదివాను. అంటే యాభై ఏళ్ల ఫోన్లు (ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు).

తీరా వివరాలు చదివితే నా లెక్క తప్పింది. మా తాసీల్దారుగారికి పొడి నేల కావాలి, ఆమె తాబేలుకేమో ఎప్పుడూ చెమ్మ ఉండాలి. రెంటినీ ఒకేచోట ఉంచితే ఒకదాని జబ్బులు ఇంకోదానికి అంటుకోవచ్చు. వేరే గూడు కట్టాలంటే నా హాల్లో సోఫా తీసేసినా చోటు చాలదు. అయినా ఆశ చావక, తోడు దొరికితే మావాడు సంతోషిస్తాడేమో చూద్దామని గూట్లో ఒక అద్దం నిలబెట్టాను. తాసీల్దారుగారు తన ప్రతిబింబాన్ని కాసేపు పరీక్షగా చూసి, వెనక్కి జరిగి, డిప్పతో గుద్దడం మొదలుపెట్టారు. అప్పుడు నేను ఇంటి నుంచే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. ఎవరింట్లోనో రిపేర్లు జరుగుతున్నట్టున్నాయని మా మేనేజర్ అంటే, అవునని నేనూ ఒప్పుకున్నాను.

మర్నాడు జంతువుల డాక్టరు దగ్గరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి సంగతంతా చెప్పాను. తాబేళ్లకు ఒంటరితనమనేది ఉండదనీ, రెండోదాన్ని చూస్తే తన చోటు లాక్కోవడానికొచ్చిందనే అనుకుంటుందనీ ఆవిడ ఓపిగ్గా వివరించింది. అసలు మీకు రెండోది ఎందుకు కావాలని కూడా అడిగింది. జవాబు ఉంది గానీ, డాక్టరుకు చెప్పేది కాదు.

ఆ సాయంత్రం నెల్లూరమ్మాయికి, "నా దగ్గర ఉంచితే రెండూ ఇబ్బంది పడతాయి. వద్దు" అని చెప్పాను. ఆమె, "థాంక్స్. సరేనని తీసుకుని తర్వాత దాన్ని పట్టించుకోకపోతే నాకు ఇంకా బాధయ్యేది" అంది. ఆ గొంతులో దిగులు విని, ఆ తాబేలుకొక ఇల్లు చూడకుండా ఊరుకోలేకపోయాను. ఊళ్లోనే ఉన్న మా పిన్ని కరివేపాకు మొక్కల కోసం ఒక గదిని చెమ్మగా, వెచ్చగా ఉంచుతుంది. డాక్టరును అడిగితే ఆ గది సరిపోతుందంది. పిన్నిని రెండు రోజులు బతిమాలితే, మొక్కల జోలికి రానివ్వనంటూనే ఒప్పుకుంది.

నెల్లూరమ్మాయి వెళ్లిపోయాక తాబేలును చూసుకోవడానికి ప్రతి శనివారం పిన్నికి వీడియో కాల్ చేసేది. ప్రతి శనివారం నేనూ బొప్పాయి ముక్కలు పట్టుకుని అక్కడ తేలేవాణ్ని. నాలుగు వారాలు చూసి పిన్ని, "తాబేలు కోసమొస్తే కూర్చో. ఆ పిల్ల కోసమైతే, నంబరు నీ దగ్గరే ఉంది కదరా" అంది.

ధైర్యం కూడగట్టుకోవడానికి మరో నెల పట్టింది. ఫోన్ చేసి రెడ్‌మండ్ వానల గురించి పన్నెండు నిమిషాలు మాట్లాడాను. పదమూడో నిమిషంలో, తనకు సంబంధం కుదిరిందని ఆమే చెప్పింది. శుభాకాంక్షలు చెప్పాను. నిజంగానే చెప్పాను, కాస్త ఆలస్యంగా.

ఇప్పుడు నా చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడు నవ్వొస్తుంది. తాబేలుకు ఏది మంచిదో తెలుసుకోవడానికి ఊరంతా తిరిగి అందరినీ అడిగాడు. ఆ అమ్మాయి మనసులో ఏముందో మాత్రం, ఒక్కసారి ఆమెనే అడిగితే సరిపోయేదని వాడికి తోచలేదు.